సినాయ్ బృందయాత్రల చరిత్ర: దారి చూపే హక్కు ఎవరిది?

విదేశపు కొండల్లో, ఎడారుల్లో మార్గదర్శి వెంట బృందంగా సాగే కాలినడక యాత్ర, అంటే నేడు ట్రెక్ అన్న పేరుతో వ్యవహారంలో ఉన్నది, ఆధునిక పర్యాటక వ్యాపారం సృష్టించినదేనన్న అభిప్రాయం పర్యాటక చరిత్రల్లో దాదాపు స్థిరపడిపోయింది. 1841లో థామస్ కుక్ నడిపిన రైలు విహారంతో కథ ఎత్తుకొని, 1863 నాటి స్విట్జర్లాండ్ యాత్రల మీదుగా, 1964లో జిమ్మీ రాబర్ట్స్ కఠ్మాండులో నెలకొల్పిన మౌంటెన్ ట్రావెల్ సంస్థ దగ్గరకు వచ్చి, అక్కడ రూపుదిద్దుకొన్న పద్ధతే తక్కిన ప్రపంచానికి పాకిందని చెప్పడం పరిపాటి. ఈ కథనంలో స్థానికుడికి దక్కే పాత్ర చాలా చిన్నది: సంస్థ యాత్రను రూపొందిస్తుంది, యాత్రికుడు డబ్బు కడతాడు, స్థానికుడు మూటలు మోసి, దారి చూపి, కూలి పుచ్చుకొంటాడు. కొన్ని కొండప్రాంతాల విషయంలో ఇది నిజమే కావచ్చు గానీ, ఈజిప్టులోని సినాయ్ ద్వీపకల్పానికి అన్వయించి చూస్తే మాత్రం ఆధారాలు అడుగడుగునా అడ్డు తగులుతాయి.

సూయెజ్, అకబా సింధుశాఖల నడుమ ముక్కోణంగా దిగే ఈ ద్వీపకల్పంలో కొండా ఎడారీ విడివిడిగా ఉండవు. మధ్యలో తీహ్ అనే సున్నపురాతి పీఠభూమి, దక్షిణాన 2,600 మీటర్లు దాటిన కేథరిన్ శిఖరంతోనూ, మోషేకు ధర్మశాసనాలు లభించిన స్థలంగా మూడు మతాలవారూ భావించే 2,285 మీటర్ల జెబెల్ మూసాతోనూ కూడిన గ్రానైట్ కొండలు, వాటి మధ్య వాన కురిసిన నాడు మాత్రమే పారే వాదీలు, అనగా ఎండు వాగులు ఉన్నాయి. ఊటబావి ఎక్కడుందో, ఏ కనుమలో ఒంటె ఎక్కగలదో ఎరిగినవాడు తోడు లేకుండా పరాయివాడు ఇక్కడ రెండు రోజులు కూడా ప్రయాణించలేడు. దారి తెలియడం ఒక్కటే చాలదు, ఆ దారిన పోనిచ్చే అధికారం కూడా కావాలి. సినాయ్ బృందయాత్ర రూపాన్ని నిర్ణయించింది ఈ రెండో అవసరమేననీ, దానిని తీర్చిన బెదూయిన్ తెగల ఆచారమే ఈ యాత్రకు పునాది అనీ చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

తొలి దశలు సుపరిచితాలే కనుక వాటిని టూకీగా చెప్పుకోవచ్చు. నాలుగో శతాబ్ది చివరి పాదంలో పశ్చిమ దేశాల నుంచి వచ్చిన ఎగేరియా అనే క్రైస్తవ స్త్రీ, సన్యాసులు వెంటరాగా కొండ ఎక్కి, తిరుగు ప్రయాణంలో కోట నుంచి కోటకు మారే రోమన్ సైనికుల రక్షణలో సాగింది. ఫారాన్ ప్రాంతపు ఒంటెలవాళ్లు దారి పొడవునా గుర్తులు పెట్టుకొని పగలు వాటిని చూస్తూ నడుస్తారనీ, రాత్రివేళ ఒంటెలే ఆ గుర్తులు పట్టుకొని పోతాయనీ ఆమె రాసిన మాట, దారి జ్ఞానం అప్పటికే ఎవరి చేతిలో ఉందో తెలుపుతుంది. ఆరో శతాబ్దిలో జస్టీనియన్ చక్రవర్తి కట్టించిన మఠం, తరువాతి కాలంలో సెయింట్ కేథరిన్ పేరు పొంది, యాత్రికులకు స్థిరమైన గమ్యమైంది. 1483లో ఉల్మ్ నగరపు సన్యాసి ఫెలిక్స్ ఫాబ్రి, మైంట్స్ నగరపు బ్రైడెన్‌బాఖ్ మొదలైనవారు జెరూసలేంలో ఒక దుబాసీతో ఒప్పందం రాయించుకొని, వంటకూ గుడారానికీ చిన్న జట్లుగా విడివడి, గాజా మీదుగా మఠం చేరి కైరో వెళ్ళారు. ముందే కుదిరిన ధర, బాధ్యుడైన నిర్వాహకుడు, సామూహిక వసతి అనే మూడూ థామస్ కుక్‌కు మూడున్నర శతాబ్దాల ముందే ఇక్కడ కనబడుతున్నాయి.

వివాదమంతా పందొమ్మిదో శతాబ్ది గురించే. ఆ కాలపు యూరోపియన్, అమెరికన్ యాత్రికుల గ్రంథాలు చదివినవారికి రెండు బొమ్మలు మిగులుతాయి: అన్నీ సమకూర్చే తెలివైన దుబాసీ ఒకటి, ప్రతి మలుపులోనూ బక్షీసు కోసం పేచీ పెట్టే దురాశాపరుడైన బెదూయిన్ మరొకటి. తరువాతి చరిత్రకారులు ఈ బొమ్మలను పెద్దగా పరీక్షించకుండానే స్వీకరించారు. ఆ గ్రంథాల్లోని ఫిర్యాదులను పక్కకు పెట్టి, వాటిలో యాదృచ్ఛికంగా నమోదైన వివరాలను కూర్చి చూస్తే పేచీల వెనుక ఒక క్రమం కనిపిస్తుంది.

1816లో సినాయ్ తిరిగిన స్విస్ యాత్రికుడు బుర్క్‌హార్ట్ రచన 1822లో వెలువడింది. దక్షిణ సినాయ్ తెగల సమాఖ్యను తవారా అంటారనీ, వారిలో కొన్ని శాఖలవారు మఠానికి ఖఫీర్లుగా, అంటే రక్షకులుగా ఉంటారనీ అది వివరిస్తుంది. ఖఫీర్ అనేవాడు పూచీదారు: తన రక్షణలో ఉన్నవారికి దారిలో నష్టం కలిగితే అది అతని మర్యాదకూ అతని తెగ పరువుకూ తగిలిన దెబ్బ అవుతుంది. ఆ పూచీకి ప్రతిఫలంగా మఠం సరుకులనూ యాత్రికులనూ ఒంటెల మీద చేరవేసే హక్కు అతనికి దక్కుతుంది. ఈ హక్కు తెగలోని శాఖల మధ్య పంపకమై ఉండేది కనుక, యాత్రికుడు తనకు నచ్చిన ఒంటెలవాణ్ణి ఎంచుకొంటే మరొకడి వాటాకు గండి పడినట్టే. బయలుదేరే ఉదయం మూటలు కట్టే వేళ చెలరేగే అరుపులు, ఒకడు ఎత్తిన పెట్టెను మరొకడు దింపడం, గంటల తరబడి కదలని బిడారు వంటి దృశ్యాలు ఆ కాలపు యాత్రాగ్రంథాల్లో తరచూ ఎదురవుతాయి. అది అరాచకమని రాసినవారు, నిజానికి వాటాల లెక్క తేలడాన్ని చూస్తున్నారు.

రెండో ఆధారం తెగల సరిహద్దుల్లో దొరుకుతుంది. కైరో నుంచి పది పన్నెండు రోజుల ఒంటె ప్రయాణంతో మఠం చేరి, అక్కడి నుంచి అకబా వరకు తవారాలు తీసుకొనిపోయేవారు. అకబా దాటి పెట్రా వైపు పోవాలంటే మాత్రం అలావీన్ తెగ షేక్‌తో కొత్త ఒప్పందం తప్పదు. 1836లో అమెరికన్ జాన్ లాయిడ్ స్టీఫెన్స్, 1839లో చిత్రకారుడు డేవిడ్ రాబర్ట్స్ ఈ అప్పగింతను అనుభవించినవారే. అక్కడ సామానంతా దింపి మరొకరి ఒంటెల మీదికి ఎక్కించాలి, కూలి మళ్ళీ బేరమాడాలి. స్టీఫెన్స్ దీన్ని దోపిడీ కిందే జమకట్టాడు. కానీ ఎడారి ఆచారం ప్రకారం ఒక తెగ నేల మీద నడిచే పరాయివాడు ఆ తెగ మనిషిని రఫీక్‌గా, అనగా సహచరుడిగా, వెంట తీసుకోవలసిందే. తవారా మనిషి ఇచ్చిన మాట అలావీన్ నేల మీద చెల్లదు కనుక, ఆ మార్పు లేకపోతే యాత్రికుడికి కొన్న రక్షణ కూడా లేనట్టే. 1847లో ఇదే దారిన ప్రయాణించిన ఆంగ్ల రచయిత్రి హారియెట్ మార్టినో కూడా ఈ ఏర్పాటు మీద ఆధారపడే ఆ ఎడారి దాటగలిగింది.

ఇక్కడ కొన్ని సవరణలు అవసరం. మొదటిది, ఈ వ్యవస్థను ఆదర్శంగా చిత్రించడం తప్పు. రక్షణ అమ్మేవాడూ, కొనకపోతే ప్రమాదమయ్యేవాడూ ఒక్కోసారి ఒకడే, ధర నిర్ణయంలో బలవంతం లేదని ఎవరూ అనలేరు. రెండోది, ఈ క్రమం కేవలం తెగల సృష్టి కాదు. మొహమ్మద్ అలీ పాలనలో కైరో ప్రభుత్వం దారిదోపిడీలకు తవారా షేక్‌లను బాధ్యులను చేసి దండించిన తరువాతే యాత్రికులు ధైర్యంగా రాసాగారు, కాబట్టి తెగ పూచీకి వెనుక రాజ్యం దండం కూడా ఉంది. మూడోది, ఈ హక్కు అందరిదీ కాదు. మఠం సేవకులుగా ఉంటూ, జస్టీనియన్ పంపిన కుటుంబాల సంతతిగా పేరుపొందిన జెబెలియా తెగవారికి దూరప్రయాణాల బాడుగలో వాటా లేదు, మఠం చుట్టుపక్కల శిఖరాలకు దారి చూపడం వరకే వారి పని. నేడు దక్షిణ సినాయ్ కొండల్లో ప్రధాన మార్గదర్శకులు జెబెలియాలే అన్న సంగతి తెలిసినవారికి, ప్రస్తుత ఏర్పాటును అనాది సంప్రదాయంగా చెప్పే ప్రచారం ఎంత జాగ్రత్తగా వినాలో బోధపడుతుంది.

తెగల పూచీయే యాత్రకు పునాది అన్న వాదానికి బలమైన, అదే సమయంలో చిక్కైన ఆధారం కేంబ్రిడ్జ్ అరబ్బీ పండితుడు ఎడ్వర్డ్ హెన్రీ పామర్ మరణం. 1868–69లో బ్రిటిష్ సర్వే బృందంతో సినాయ్ తిరిగి, తెగలవారి నోట స్థలనామాలు సేకరించిన అతడు, 1882 ఆగస్టులో కెప్టెన్ గిల్, లెఫ్టినెంట్ చారింగ్టన్‌లతో కలిసి బంగారంతో ప్రయాణిస్తూ వాదీ సుద్ర్ ప్రాంతంలో హతుడయ్యాడు. వారిని వెంటబెట్టుకొని వెళ్ళిన వ్యక్తికి చెప్పుకొన్నంత పలుకుబడి ఆ నేల మీద లేదని తరువాతి విచారణలో తేలింది. సరైన పూచీదారు లేని యాత్రికుడి గతి ఇదని చెప్పవచ్చు. అయితే అది బ్రిటన్ ఈజిప్టు మీద దండెత్తిన యుద్ధకాలం, పామర్ వెళ్ళినది తెగలను బ్రిటన్ పక్షాన నిలపడానికి, కాబట్టి ఈ ఒక్క ఘటన మీద సిద్ధాంతం కట్టడం సబబు కాదు. 1916లో నవూమ్ షుకైర్ అరబ్బీలో వెలువరించిన సినాయ్ చరిత్ర తెగల ఆచార చట్టాన్ని విస్తారంగా నమోదు చేసి, ఈ నిబంధనలు యూరోపియన్ల ఊహ కాదని తేల్చిచెప్పినందువల్ల అంతకన్నా నమ్మదగిన సాక్ష్యంగా నిలుస్తుంది.

మరి సంస్థల పాత్ర ఏమిటి? 1869లో కుక్ ఈజిప్టు, పాలస్తీనా యాత్రలు ప్రారంభించాడు. మర్రే, బేడెకర్ సంస్థలు ప్రచురించిన చేతిపుస్తకాలు దుబాసీతో రాసుకోవలసిన ఒప్పందాల గురించి హెచ్చరికలు చేశాయి. ఇవి యాత్రను యూరప్ మధ్యతరగతికి అందుబాటులోకి తెచ్చాయన్నది కాదనలేని నిజం. కానీ అవి యాత్ర నిర్మాణాన్ని మార్చలేదు: టిక్కెట్టు ఎవరిదైనా ఒంటె తవారాది, పూచీ షేక్‌ది. నిజమైన మార్పు తెచ్చినవి రవాణా సాధనాలు. 1869లో సూయెజ్ కాలువ తెరుచుకొన్నాక ఈజిప్టు హజ్ బిడారు నఖల్ మీదుగా సినాయ్‌ని అడ్డంగా దాటడం 1880లలో ఆగి ఓడదారి పట్టింది. మఠానికి వచ్చే రష్యన్ యాత్రికులు తూర్ రేవులో దిగసాగారు. ఇరవయ్యో శతాబ్దిలో వాదీ ఫైరాన్ గుండా మోటారుకార్లు మఠం వాకిలి దాకా వచ్చాయి. వారాల ప్రయాణం గంటలకు కుదించుకుపోయినప్పుడు ఖఫీర్ హక్కు ఆదాయం ఎండిపోయింది.

1967 నుంచి 1982 వరకు సాగిన ఇజ్రాయెల్ ఆక్రమణలో మఠం దగ్గర ప్రకృతి అధ్యయన కేంద్రం వెలిసి, కాలినడక బృందాలు మళ్ళీ కొండల్లోకి వచ్చాయి. ఈ దశనే సినాయ్ ట్రెకింగ్ పుట్టుకగా చెప్పేవారున్నారు. అది పునరారంభమే గానీ పుట్టుక కాదు, ఎందుకంటే ఆ బృందాలు నడిచిన దారులూ, దప్పిక తీర్చుకొన్న బావులూ, రాళ్ళ ప్రహరీలు కట్టి జెబెలియాలు పెంచిన ఎత్తైన లోయల తోటలూ ముందునుంచీ ఉన్నవే. 1982లో నేల ఈజిప్టుకు తిరిగి దక్కాక షర్మ్ ఎల్ షేక్ తీరం హోటళ్ళతో నిండింది. లోపలి కొండ జెబెల్ మూసా సూర్యోదయ దర్శనానికి రాత్రికి రాత్రి బస్సుల్లో వచ్చిపోయేవారి వేదికగా మారింది. సందర్శకుల సంఖ్య పెరిగినా, ఎడారిలో గడిపే కాలం తరిగింది.

2015లో తరాబీన్, ముజేనా, జెబెలియా తెగలు కలిసి ప్రారంభించిన 220 కిలోమీటర్ల సినాయ్ ట్రెయిల్, 2018 నాటికి ఎనిమిది తెగల నేలలను కలుపుతూ 550 కిలోమీటర్లకు విస్తరించింది. ఒక తెగ హద్దు ముగిసినచోట ఆ తెగ మార్గదర్శి ఆగి తరువాతి తెగవాడికి బృందాన్ని అప్పగించడం దీని నియమం. స్టీఫెన్స్ విసుక్కొన్న ఆచారమే రెండు శతాబ్దాలు తిరగకముందే యాత్ర ప్రత్యేకతగా గౌరవం పొందింది. 2019లో హమాదా తెగ స్త్రీలు మహిళా బృందానికి మార్గదర్శకులయ్యారు, పాత వ్యవస్థలో ఇది ఊహకందనిది. ఈ ప్రయత్నం మెచ్చదగినదే అయినా దీనికి బయటి వ్యక్తుల చొరవ, విదేశీ యాత్రికుల రాక ఆసరాగా ఉన్నాయి. అదే 2015 అక్టోబరులో షర్మ్ నుంచి బయలుదేరిన రష్యన్ విమానం పేలి 224 మంది మరణించాక పర్యాటకం ఎలా కుప్పకూలిందో చూసినవారు ఈ ఆసరాను శాశ్వతమనుకోలేరు.

అంతకన్నా కలవరపెట్టేది మరొకటుంది. మహా రూపాంతరీకరణ అన్న అర్థం వచ్చే పేరుతో ఈజిప్టు ప్రభుత్వం 2021 నుంచి సెయింట్ కేథరిన్ పట్టణంలో హోటళ్ళు, విల్లాలు, సందర్శక కేంద్రాలు కడుతోంది. 2002లో ప్రపంచ వారసత్వ స్థలమైన ఆ ప్రాంతంలో జరుగుతున్న ఈ నిర్మాణాలపై యునెస్కో 2023లో ఆందోళన తెలిపింది. జెబెలియా ఇళ్ళనూ శ్మశానాన్నీ తొలగించినట్టు పత్రికల్లో కథనాలు వచ్చాయి. వసతులు కల్పించడం తప్పుకాదు. కానీ దారి మీద హక్కున్నవాణ్ణి హోటలు గుమ్మం దగ్గర కూలివాడిగా నిలబెట్టే అభివృద్ధి, పర్యాటక చరిత్రలు రాసుకొన్న పొరపాటు కథను నిజం చేసినట్టవుతుంది.

అందువల్ల సినాయ్ బృందయాత్రలో చేరదలచిన పాఠకులు ధర, భోజనం, గుడారం విషయాలతో పాటు నిర్వాహకుణ్ణి మరో రెండు ప్రశ్నలు అడగాలి: మార్గదర్శి ఏ తెగవాడు, ఆ తెగ హద్దు దాటాక బాధ్యత ఎవరు తీసుకొంటారు? సూటిగా జవాబు చెప్పలేని సంస్థకు డబ్బు కట్టకపోవడమే మంచిది. ఈ యాత్రను నిలబెట్టింది తెగల పూచీయే, దాన్ని పక్కకు నెట్టిన ఏర్పాటు ఎంత సౌకర్యంగా ఉన్నా చరిత్రకూ ఆ నేలకూ అన్యాయం చేసేదే.