తల కొలత

మా అక్కకి పాప నెలలు నిండకముందే పుట్టింది. 31వ వారంలో. బరువు 1,400 గ్రాములు. ఆ రోజు నుంచి మా ఇంటికొచ్చే ప్రతి ఫోన్‌లోనూ మొదటి ప్రశ్న బరువు గురించే. పది గ్రాములు పెరిగిందంటే ఊపిరి పీల్చుకునేవాళ్ళం. ఇరవై తగ్గిందంటే ఆ పూట ఎవరికీ అన్నం సహించేది కాదు. నాలుగో రోజున నర్సు బయటికొచ్చి, "రేపటి నుంచి తల్లి గుండె మీద పడుకోబెడతాం. పాపకి టోపీ తెచ్చుకోండి. మెత్తటి నూలుది. కుచ్చులూ తాళ్ళూ ఏమీ ఉండకూడదు" అంది. ఆ సాయంత్రం బావ మూడు కొట్లు తిరిగి తెచ్చిన టోపీలన్నీ పాప గడ్డం దాకా దిగిపోయాయి.

రాత్రి అమ్మమ్మకి ఫోన్ చేశాను. విజయనగరంలో ఉంటుంది, 85 ఏళ్ళు. అంతా విన్నాక అమ్మమ్మ బరువు అడగలేదు. "తల ఎంతుందే?" అంది.

మాలో ఎవరికీ తెలీదు. మర్నాడు నర్సుని అడిగితే ఫైలు చూసి చెప్పింది: 28 సెంటీమీటర్లు.

నేను అల్లడం నేర్చుకున్నది లాక్‌డౌన్‌లో, వీడియోలు చూసి. హైదరాబాద్‌లో చలి అంటే పట్టుమని నెల రోజులు కూడా ఉండదు, అయినా నా కోసం రెండు ఊలు టోపీలు అల్లుకున్నాను. ఒకటి ఆఫీసు ఏసీలో పనికొచ్చింది. చేతులు అల్లుతుంటే బుర్ర ఖాళీగా ఉండలేదు కదా, టోపీల చరిత్ర చదవడం మొదలుపెట్టాను. ఇప్పుడు ఆసుపత్రి వరండాలో సూదులు పట్టుకుని కూర్చున్నప్పుడు, అప్పుడు చదివినవన్నీ మళ్ళీ గుర్తొచ్చాయి. ఈసారి వేరేగా అర్థమయ్యాయి.

*

అమ్మమ్మ టోపీ అనదు. "టోపీ పోలీసువాళ్ళది. పసిపిల్లలకి పెట్టేది కుళ్ళాయి" అంటుంది. పసిపిల్లల నెత్తి మీద ఇంత ఇంపుగా కూర్చున్న ఈ మాట నిజానికి రాజదర్బారుల నుంచి వచ్చింది. పర్షియన్ 'కులా' మన దగ్గర కుల్లాయి, కుళ్ళాయి అయింది. 15వ శతాబ్దంలో విజయనగరం వెళ్ళిన శ్రీనాథుడిదని చెప్పుకునే ఒక చాటుపద్యంలో, కన్నడ రాజ్యలక్ష్మితో మొరపెట్టుకునే కష్టాల్లో మొదటిది కుల్లాయి పెట్టుకోవాల్సి రావడమే. అంతటి కవిసార్వభౌముడికీ దర్బారు మర్యాద తప్పలేదు. లేపాక్షి కుడ్యచిత్రాల్లో మగవాళ్ళ తలల మీద ఆ పొడుగాటి టోపీలు ఇప్పటికీ కనిపిస్తాయి. తిరుమలలో ఇద్దరు దేవేరుల మధ్య చేతులు జోడించి నిలబడ్డ కృష్ణదేవరాయల విగ్రహానికీ అదే.

అవి అల్లినవి కావు, బట్టతో కుట్టినవి. నాకు ఆసక్తి కలిగించింది శ్రీనాథుడి ఇబ్బంది. తన తల మీద వేరేవాళ్ళు పెట్టిన టోపీ అది. అల్లిన టోపీల చరిత్రలో కూడా ముందు ఎదురయ్యేది ఇలాంటి బలవంతమే.

16వ శతాబ్దపు ఇంగ్లండులో సామాన్యుడి టోపీ అంటే ఉన్నితో అల్లి, తడిపి, బాది, దట్టంగా చేసినది. 1545లో మునిగిన మేరీ రోజ్ అనే యుద్ధనౌకని సముద్రం నుంచి పైకి తీసినప్పుడు, నావికుల సామానుతో పాటు ఇలాంటి టోపీలు కూడా దొరికాయి. కొన్నాళ్ళకి ఫ్యాషన్ మారింది. అల్లిన టోపీలు వదిలేసి జనం ఫెల్టు హ్యాట్ల మీద పడ్డారు. ఉన్ని ఏకేవాళ్ళు, వడికేవాళ్ళు, అల్లేవాళ్ళు, రంగులద్దేవాళ్ళు - ఒక్క టోపీ మీద బతికే ఇన్ని రకాల పనివాళ్ళకి కూడు కరువైంది. 1571లో ఎలిజబెత్ రాణి కాలపు పార్లమెంటు ఒక చట్టం చేసింది. ఆరేళ్ళు దాటిన ప్రతివాళ్ళూ ఆదివారాలూ పండగ రోజుల్లో ఇంగ్లండులో తయారైన ఉన్ని టోపీ పెట్టుకోవాలి. పెట్టుకోకపోతే రోజుకి 3 షిల్లింగుల 4 పెన్నీల జరిమానా. మామూలు కూలీకి అది కొన్ని రోజుల సంపాదన. ప్రభువులకీ, నైట్లకీ, భూములున్న పెద్దమనుషులకీ, గొప్పింటి ఆడవాళ్ళకీ, పెళ్ళికాని అమ్మాయిలకీ మినహాయింపు.

ఉద్దేశం మంచిదే. చేనేతని బతికించడానికి వారానికో రోజు చేనేత కట్టుకోమని మనవాళ్ళు చెప్పడం లాంటిదే. కానీ కొద్ది రోజుల్లోనే ఆ టోపీ పేదవాడి గుర్తు అయిపోయింది. ఎవరు పెద్దమనిషో ఎవరు కాదో ఆదివారం చర్చిలో తలలు చూస్తే తెలిసిపోయేది. జనం ఎగ్గొట్టారు, అధికారులు చూసీ చూడనట్టు వదిలేశారు. 1597లో చట్టాన్నే ఎత్తేశారు. ఊరందరి తలలకీ ఒకే టోపీ తొడగాలనుకుంటే నిలబడినది పాతికేళ్ళు.

తలల మీంచి టోపీ తీయించాలన్న ప్రభుత్వాలూ ఉన్నాయి. రెండో ప్రపంచయుద్ధంలో నాజీల ఆక్రమణలో ఉన్న నార్వేలో, ఎర్ర ఊలుతో అల్లిన మొనతేలిన టోపీ మౌనంగా ఎదిరించడానికి గుర్తయింది. 1942లో దాన్ని నిషేధించారు. చలికాలంలో పిల్లలు పెట్టుకునే టోపీకి పోలీసులు భయపడటం వింతే. కానీ ఇంట్లో రెండు సూదులూ ఇంత ఊలూ ఉంటే ఎవరైనా అల్లుకోగలిగిన దాన్ని ఎక్కడని ఆపుతారు?

*

ఈ చరిత్రలో నన్ను బాగా పట్టి ఊపింది మాత్రం కొన్ని సమాధుల కథ.

17వ శతాబ్దంలో డచ్చివాళ్ళు ఉత్తరధ్రువానికి దగ్గర్లోని స్పిట్స్‌బెర్గెన్ దీవులకి తిమింగలాల వేటకి వెళ్ళేవాళ్ళు. వేటాడటం, కొవ్వు కరిగించి నూనె తీయడం. చచ్చిపోయినవాళ్ళని అక్కడి గడ్డకట్టిన నేలలోనే పాతిపెట్టేవాళ్ళు. 1980లో పురావస్తు పరిశోధకులు అలాంటి 185 సమాధుల్ని తెరిచి చూశారు. చాలా అస్థిపంజరాల తలల మీద అల్లిన ఊలు టోపీలు అలాగే ఉన్నాయి. చలికి ఊలు చెడలేదు. వాటిని ఇప్పుడు ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో పెట్టారు. నేను చూసింది ఫోటోలే. ఒకదాని చారలు ఇంకోదానికి లేవు. గోధుమరంగు మీద సన్నటి గీతలు ఒకదానికి, మరోదానికి వెడల్పాటి పట్టీలు.

ఎందుకంటే, ఆ చలిలో ఒళ్ళంతా కప్పుకుని తిరిగే మనుషుల్లో ఎవరు ఎవరో తెలిసేది టోపీ రంగుల్ని బట్టీ, చారల్ని బట్టేనట. ఆ టోపీలతోనే పాతిపెట్టడానికి కూడా బహుశా అదే కారణమని మ్యూజియం వాళ్ళ ఊహ. అక్కడ టోపీయే మనిషి ముఖం. ముఖాన్ని తీసేసి ఎలా పాతిపెడతారు?

ఆ టోపీలు ఎవరు అల్లారో ఎక్కడా రాసి లేదు. తల్లో, పెళ్ళామో, ఓడలో ఖాళీ దొరికినప్పుడు ఆ మనిషే అల్లుకున్నాడో. టోపీ పెట్టుకున్నవాడి పేరూ పోయింది, అల్లినవాళ్ళ పేరూ పోయింది. మిగిలింది ఆ తల కొలతా, ఆ చారలూ. చట్టం ఇంగ్లండు తలలన్నిటినీ ఒక్కటిగా చూసింది. ఈ టోపీలు మాత్రం ఒక్కో తలని వేరుగా చూశాయి.

*

నా మొదటి టోపీ పాడైంది. సుల్తాన్ బజార్‌లో కొన్న లేత పసుపు నూలు దారంతో అల్లాను. నేను అల్లే తీరులో పది సెంటీమీటర్లకి 22 కుట్లు పడతాయి. టోపీ తల కన్నా కాస్త చిన్నదిగా ఉండాలి, అప్పుడే సాగి పట్టుకుంటుంది. అందుకని 28కి బదులు 26 సెంటీమీటర్లు లెక్కగట్టి 56 కుట్లు వేశాను. లెక్క బాగానే ఉంది కానీ ఊలుకి ఉన్న సాగే గుణం నూలుకి లేదన్న సంగతి మర్చిపోయాను. టోపీ సాగిందే గానీ వెనక్కి రాలేదు. పాప కళ్ళ మీదకి జారింది.

అమ్మమ్మకి చెబితే నవ్వింది. "నూలుకి అన్నీ సీదాలే వేస్తే ఎలాగే? సీదా రెండు, ఉల్టా రెండు, చివరిదాకా అలాగే వెయ్. ఫందాలు తగ్గించు" అంది. అమ్మమ్మ అల్లిక భాషంతా హిందీయే. తాతయ్యది ఖరగ్‌పూర్‌లో రైల్వే ఉద్యోగం. క్వార్టర్స్‌లో పక్కింటి పంజాబీ ఆవిడ దగ్గర నేర్చుకుంది. ఈసారి 48 కుట్లు. సీదా రెండు, ఉల్టా రెండు వేస్తే అల్లిక అకార్డియన్ మడతల్లా ముడుచుకుంటుంది, తలని బట్టి తెరుచుకుంటుంది. పై భాగంలో ఎనిమిది చోట్ల కుట్లు తగ్గించుకుంటూ వచ్చి, మిగిలిన ఎనిమిదింటిలోంచి దారం లాగి ముడేశాను. సరిపోయింది.

పసిపిల్లల విషయంలో టోపీ ముద్దు కోసం కాదు. పెద్దవాళ్ళకి ఒంట్లో వేడంతా తలలోంచే పోతుందన్నది ఉత్త అపోహ. కానీ పుట్టిన బిడ్డ పొడవులో నాలుగో వంతు తలే. వేడి పోవడానికి అది చాలా పెద్ద చోటు. 1978లో కొలంబియా రాజధాని బొగొటాలో ఇంక్యుబేటర్లు సరిపోక, డాక్టర్ ఎడ్గర్ రే నెలలు నిండని పిల్లల్ని తల్లుల గుండెలకి నేరుగా ఆనించి ఉంచే పద్ధతి మొదలుపెట్టాడు. కంగారూ పద్ధతి అంటారు. బిడ్డ ఒంటి మీద ఉండేవి ఒక లంగోటీ, ఒక టోపీ, కాళ్ళకి మేజోళ్ళు. మిగతా వేడంతా అమ్మదే. అక్క గుండె మీద ఆ పసుపు కుళ్ళాయి పైకీ కిందకీ కదులుతుంటే, అద్దం ఇవతల నిలబడి చూస్తూ ఎంతసేపు ఏడ్చానో.

*

ఆ రోజుల్లోనే ఒక రాత్రి ఫోన్‌లో అమ్మమ్మ ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెప్పింది.

తెలియని తలల కోసం టోపీలు అల్లడం యుద్ధాలతో పాటు వచ్చిన అలవాటు. 1854లో క్రిమియా యుద్ధానికి వెళ్ళిన బ్రిటిష్ సైనికులకి చలిబట్టలు తీసుకొస్తున్న ప్రిన్స్ అనే ఓడ నవంబరు తుపానులో మునిగిపోయింది. ఇంగ్లండులో ఆడవాళ్ళు ఊలుతో అల్లి పంపడం మొదలుపెట్టారు. ముఖమంతా కప్పి కళ్ళూ ముక్కూ వదిలే టోపీకి, ఆ యుద్ధంలోని ఒక ఊరి పేరు మీద, తర్వాత్తర్వాత బాలక్లావా అన్న పేరు స్థిరపడింది. మనం దాన్నే మంకీ క్యాప్ అంటాం. డిసెంబరు పొద్దున్నే ఇందిరా పార్కులో నడిచే తాతయ్యల నెత్తిన ఉన్నది క్రిమియా యుద్ధమని వాళ్ళకి తెలీదు.

1962లో చైనా యుద్ధం వచ్చినప్పుడు మన జవాన్లు చాలామంది నూలు యూనిఫారాలతోనే హిమాలయాల మీద నిలబడ్డారు. దేశమంతటా ఆడవాళ్ళు నగలిచ్చారు, స్వెట్టర్లూ మేజోళ్ళూ అల్లి పంపారు. అమ్మమ్మకి అప్పుడు 22 ఏళ్ళు. క్వార్టర్స్‌లో ఆడవాళ్ళంతా మధ్యాహ్నాలు ఒకచోట కూర్చుని అల్లేవాళ్ళట. అమ్మమ్మ ఆరు టోపీలు అల్లింది.

"మరి కొలత ఎలా తెలిసింది?" అని అడిగాను.

"మీ తాతయ్య పడుకున్నాక తల కొలిచేదాన్ని. ఎవరి తలో తెలీనప్పుడు మనవాళ్ళ తల కొలిచి అల్లాలి. అప్పుడు బాగా అల్లుతాం" అంది. కాసేపు ఆగి, "ఆ ఆరుగురూ తిరిగొచ్చారో లేదో" అంది. అరవై ఏళ్ళుగా అమ్మమ్మ ఆ లెక్క మోస్తోందని అప్పుడు తెలిసింది.

బావ కూడా వరండాలో నా పక్కనే కూర్చునేవాడు. చేతులు ఖాళీగా ఉంటే పిచ్చెక్కుతోంది, నాకూ నేర్పవా అన్నాడు. మగవాళ్ళు అల్లడమేంటని ఎవరో నవ్వారు కూడా. పెరూలో టిటికాకా సరస్సు మధ్య టకీలే అని ఒక దీవి ఉంది. అక్కడ చుల్యో అనే టోపీ అల్లేది మగవాళ్ళే. చిన్నప్పుడే నేర్చుకుంటారు. పెళ్ళయినవాళ్ళకి ఒక రకం టోపీ, కానివాళ్ళకి ఇంకో రకం. 2005లో యునెస్కో ఆ దీవి నేత, అల్లిక పనుల్ని మానవాళి వారసత్వంగా ప్రకటించింది. బావకి ఈ కథ చెప్పాను. టకీలే వాళ్ళ నాణ్యత రాలేదు గానీ, రెండు చోట్ల కుట్లు జారిపోయి, ఒక పక్కకి ఒరిగిన నీలం టోపీ ఒకటి తయారైంది. 41వ రోజున పాప ఇంటికొచ్చింది ఆ టోపీతోనే.

పసుపు కుళ్ళాయి అప్పటికే చిన్నదైపోయింది. వేడినీళ్ళలో ఉతికి, ఆరబెట్టి నర్సుకిచ్చేశాను. "ఇంత చిన్నవి దొరకవండీ. మొన్నే ఒక బాబు వచ్చాడు, సరిపోతుంది" అంది. ఆ బాబు పేరేంటో, వాళ్ళది ఏ ఊరో నేను అడగలేదు. తల కొలత మాత్రం నాకు తెలుసు.

అమ్మమ్మ ఇప్పటికీ ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తుంది. పాప ఎలా ఉంది, పాలు తాగుతోందా అని అడగదు.

"ఇప్పుడు తల ఎంతుందే?" అంటుంది.