స్టెప్నీ

చర్లపల్లి పారిశ్రామికవాడలో లారీ డ్రైవర్‌నో పంక్చర్ షాపు మేస్త్రీనో అడగండి, అదనపు చక్రాన్ని స్టెప్నీ అనే అంటారు. అది ఒక వీధి పేరు.

తొలి కార్లకు అదనపు చక్రం ఉండేది కాదు. టైరు పేలితే నడిదారిలో కూర్చుని అతుకు వేసుకోవాల్సిందే. 1904లో వేల్స్‌లోని లనెల్లీ పట్టణంలో థామస్ మోరిస్ డేవిస్ ఒక ఉపాయం కనిపెట్టాడు: ఆకులు లేని చట్రానికి గాలి నింపిన టైరు తొడిగి, పాడైన చక్రానికి పక్కనే బిగించడం. తయారైన చోటు స్టెప్నీ వీధి. పుట్టినింట దాదాపు మరుగునపడ్డ ఈ మాట మన దగ్గర నిత్యం వినిపిస్తుంది. బ్రెజిల్‌లో ‘ఎస్తెపీ’ అయింది.

మాట నోట్లో నానుతున్నా వస్తువు మీద ధ్యాస ఉండదు. కొత్తగా పికప్ కొని, అడవి దారుల్లో గుడారం వేద్దామనుకునేవారు ముందు డేరాలు, లైట్లు, పొయ్యిలు కొంటారు. స్టెప్నీ మాత్రం చాలా పికప్‌లలో తొట్టి కింద, గొలుసుకు వేలాడుతూ, బురద కొట్టుకుని ఉంటుంది. దాన్ని దించాలంటే పొడవాటి కడ్డీ దూర్చి తిప్పాలి. చీకట్లో, రాళ్ల మీద, మొదటిసారి చేసే పని కాదది.

బయల్దేరే ముందు ఇంటి దగ్గరే ఒకసారి దించి, గాలి చూసి, జాకీతో బండి లేపి, చక్రం మార్చి చూడండి. డేరా సంగతి ఆ తర్వాత.