సోషల్ నార్మ్స్ ప్రచారం: అమెరికా కాలేజీల్లో తాగుడు లెక్కలు

తోటివాళ్లు నిజంగా ఎంత తాగుతున్నారో విద్యార్థులకు చెప్పి, వాళ్ల తాగుడు తగ్గించాలని చూసే ఆరోగ్య ప్రచార పద్ధతి ఇది. అమెరికా కాలేజీల్లోనే పుట్టింది, వివాదంలో పడిందీ అక్కడే.

విద్యార్థుల తాగుడును లెక్కపెట్టడం అంతకు చాలా ముందే మొదలైంది. యేల్ పరిశోధకులు రాబర్ట్ స్ట్రాస్, సెల్డన్ బేకన్ 27 కాలేజీల్లో సర్వే చేసి 1953లో ‘డ్రింకింగ్ ఇన్ కాలేజ్’ పుస్తకం వేశారు. తర్వాత, న్యూయార్క్ రాష్ట్రంలోని జెనీవాలో, హోబర్ట్ అండ్ విలియం స్మిత్ కాలేజీల్లో పనిచేసిన వెస్లీ పెర్కిన్స్, అలన్ బెర్కోవిట్జ్ ఇంకో ప్రశ్న కూడా వేశారు: మిగతావాళ్ల సంగతి ఏమనుకుంటున్నారు? 1986లో వెలువడిన వాళ్ల వ్యాసం ప్రకారం, తమకంటే తోటివాళ్లే తాగుడును ఎక్కువగా సమర్థిస్తారని చాలామంది నమ్ముతున్నారు. తూలుతూ హాస్టల్‌కి వచ్చినవాడి గురించి పొద్దున్నే అందరూ చెప్పుకుంటారు. గదిలో కూర్చుని చదువుకున్నవాడి ఊసు ఎవరికి కావాలి?

ఈ ఆలోచనను ప్రచారంగా మార్చింది నార్తర్న్ ఇల్లినాయ్ యూనివర్సిటీలో మైఖేల్ హెయిన్స్. అక్కడ అతిగా తాగేవాళ్లు సగంకంటే తక్కువే. విద్యార్థుల అంచనాలో మాత్రం ఆ లెక్క సుమారు 70 శాతం. 1990 ప్రాంతంలో, పార్టీల్లో ఎక్కువమంది తాగేది అయిదు డ్రింకులు లేదా అంతకు తక్కువేనని పోస్టర్లు, పత్రికా ప్రకటనలు వచ్చాయి. భయపెట్టడం లేదు, నీతులు లేవు. తర్వాతి ఏళ్లలో అంచనా, తాగుడు రెండూ తగ్గడంతో ఇతర కాలేజీలూ దీన్ని అందిపుచ్చుకున్నాయి. బడ్‌వైజర్ తయారీ సంస్థ ఆన్‌హైజర్-బుష్ కూడా నిధులిచ్చింది. బీరు కంపెనీకి నచ్చే మద్య వ్యతిరేక ప్రచారం ఏపాటిదన్న అనుమానం విమర్శకులకు రావడం సహజమే.

వాళ్లలో ప్రముఖుడు హార్వర్డ్‌లోని హెన్రీ వెక్స్‌లర్. ఆయన 1993లో 140 కాలేజీల్లో జరిపిన సర్వేలో, దాదాపు 44 శాతం విద్యార్థులు ‘బింజ్’ తాగుబోతులని తేలింది. అంటే ఒకే ఊపులో మగవాళ్లయితే అయిదు, ఆడవాళ్లయితే నాలుగు డ్రింకులు తాగడం. ఈ కొలబద్దే కఠినమని కొందరన్నారు. ఈ ప్రచారం నడిపిన 37 కాలేజీలను, నడపని 61 కాలేజీలను పోల్చిన వెక్స్‌లర్ బృందం 2003లో తాగుడు తగ్గినట్టు ఆధారం లేదని రాసింది.

విలియం డిజోంగ్ బృందం మరింత పకడ్బందీగా, 18 విద్యాసంస్థలను లాటరీ పద్ధతిలో రెండు జట్లు చేసి పరీక్షించింది. 2006 ఫలితాల్లో ప్రచారం ఉన్నచోట తాగుడు పెరగకుండా కొంత ఆగింది. మళ్లీ 14 సంస్థల్లో చేస్తే, 2009లో ఆ ఫలితం రాలేదు. రెంటినీ కలిపి చూసిన పరిశోధకులకు కాలేజీ చుట్టూ ఉన్న బార్లు, మద్యం దుకాణాలు కనబడ్డాయి: అవి తక్కువగా ఉన్నచోట పోస్టర్లు పనిచేశాయి, గుమిగూడినచోట చేయలేదు.

2015లో కొక్రేన్ సమీక్ష 70 అధ్యయనాలను పరిశీలించి, కనిపించిన ప్రభావాలు చాలా చిన్నవని, విధానాలకు ఆధారంగా నిలిచేంతవి కావని తేల్చింది.