ఉబ్బసం, శ్వాసకోశ వైరస్‌లు

ఉబ్బసం ఉన్నవారిలో మామూలు పడిశం కూడా ఆయాసంగా, పిల్లికూతలుగా ముదరవచ్చు. ‘రోగనిరోధక శక్తి తక్కువ’ అని జనం చెప్పే కారణం సగమే నిజం. వారి శరీరంలో ఒక స్పందన మందగిస్తే, మరొకటి మితిమీరుతుంది.

ఉబ్బసం తిరగబెట్టిన పిల్లలపై 1995లో వెలువడిన బ్రిటిష్ అధ్యయనంలో సుమారు 80 శాతం సందర్భాల్లో వైరస్ బయటపడింది. అందులో ఎక్కువ పాలు రైనోవైరస్‌ది. వైరస్ సోకిన శ్వాసనాళపు పొర వెంటనే ఇంటర్‌ఫెరాన్‌లను విడుదల చేసి దాని వృద్ధిని అడ్డుకోవాలి. ఉబ్బస రోగుల కణాల్లో బీటా ఇంటర్‌ఫెరాన్ తక్కువగా తయారవుతోందని 2005లో సౌతాంప్టన్ పరిశోధకులు చూపారు. తర్వాతి అధ్యయనాల్లో కొన్ని దీనిని సమర్థించలేదు. లోపం రోగులందరిలో ఒకేలా ఉండదనుకోవడమే సబబు. ఇక దెబ్బతిన్న పొర నుంచి వెలువడే ఐఎల్-33, టీఎస్ఎల్‌పీ సంకేతాలు అలర్జీ తరహా వాపును రేపుతాయి. ఇసినోఫిల్ కణాలు చేరతాయి, కఫం పెరుగుతుంది, నాళాలు ముడుచుకుంటాయి. ఐజీఈ ప్రతిరక్షకాలు సైతం ఇంటర్‌ఫెరాన్‌ను అణచివేస్తాయి. ఐజీఈని అడ్డుకునే ఒమాలిజుమాబ్ ఇచ్చిన అమెరికా పిల్లల్లో శరదృతువులో ఉబ్బసం ముదరడం తగ్గింది.

తనకు సరిపడని అలర్జీ కారకం మధ్యే ఉంటున్న పిల్లవాడికి వైరస్ కూడా సోకితే ఆసుపత్రిపాలయ్యే ముప్పు దాదాపు 19 రెట్లని 2006 నాటి మాంచెస్టర్ అధ్యయనం తేల్చింది. అది దుమ్ముపురుగులు, పెంపుడు జంతువుల లెక్క. కర్ణాటకలోని రాయచూరు జిల్లా గాలి వేరు. సింధనూరు, మాన్వి ప్రాంతాల్లో కోస్తా తెలుగు రైతులు స్థిరపడ్డ క్యాంపుల చుట్టూ వరి నూర్పిళ్లు, రైసు మిల్లుల ఊక దుమ్ము. రాయచూరులో జిన్నింగ్ మిల్లుల పత్తి నూగు. శక్తినగర్‌లో 1985లో మొదలైన బొగ్గు విద్యుత్ కేంద్రం. దుమ్ము, పొగ శ్వాసనాళాల పొరను దెబ్బతీస్తాయి. వైరస్ తాకేదీ ఆ పొరనే.

ఏటా మృగశిర కార్తెకు హైదరాబాదులో బత్తిని కుటుంబం పంచే చేప ప్రసాదానికి పొరుగు రాష్ట్రాల వారూ వెళతారు. ఉబ్బసంపై అది పనిచేస్తుందనడానికి శాస్త్రీయ ఆధారం లేదు. ఆధారమున్నది స్టెరాయిడ్ ఇన్‌హేలర్‌కు. ఆయాసం లేని రోజుల్లోనూ డాక్టరు చెప్పినట్టు వాడితేనే ఫలితం. ఫ్లూకు ఏటేటా వేయించుకునే టీకా ఉంది. 160కి పైగా రకాలున్న రైనోవైరస్‌కు మాత్రం ఇప్పటికీ టీకా రాలేదు.