భారజలము – ప్రోటాను గర్భము



భద్రాచలమునుండి గోదావరి దాటి యావలి యొడ్డున పోయినచో అశ్వాపురము వచ్చును. 2016 వఱకు ఖమ్మము జిల్లాలోనుండి, అటుపిమ్మట భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో చేరిన సీమ యది. అచట 1991 వ సంవత్సరమున మణుగూరు భారజల కర్మాగారము పని ప్రారంభించినది. గోదావరి నీటినుండి బరువు నీటిని విడదీయుట దాని వృత్తి. మా అడవి యంచు గ్రామములవారికి ఆ కర్మాగారమన్న ఉద్యోగములును, కాలనీయును, ఎత్తైన స్తంభములును తోచును. నాకు మాత్రము అది యొక పాత యప్పును జ్ఞప్తికి దెచ్చును. ఆ యప్పును నేడు మీ యెదుట తీర్పబూనితిని.

ఆ దినములలో నేనొక పాఠశాలలో తెలుగు పండితుడను. ఒకనాడు పాఠమున కణాదమహర్షి ప్రసక్తి వచ్చినది. పరమాణువు అవిభాజ్యమని వైశేషికులు చెప్పిరనియు, ఆధునికులు దానిని సైతము భేదించి ప్రోటానును గనిరనియు, ఆ ప్రోటానులోను క్వార్కులను కణములు గలవందురనియు నేను చెప్పితిని. కడపటి వరుసనుండి యొక బాలుడు లేచి, "సారూ, దాని లోపట ఏమున్నదో ఎవరు చూసిండ్రు?" అని యడిగెను. నాకు జవాబు తెలియదు. తెలియదనుటకు సిగ్గుపడి, "చూడకయే నమ్మవలసినవి కొన్ని గలవు, కూర్చుండుము" అంటిని. వాడు కూర్చుండెను. ఆ సంవత్సరమంతయు మఱియొక ప్రశ్న వేయలేదు. ఉద్యోగవిరమణానంతరము పుస్తకములు ముందు వేసికొని, తెలిసినవారి నడిగి, నేను నేర్చుకొన్న జవాబు నిపుడు చెప్పుచున్నాను.

కంటికి గానరానిదానిని తెలిసికొనుటకు మన నైయాయికులు అనుమానప్రమాణమును చెప్పిరి. కార్యమును చూచి కారణము నూహించుట దానిలో నొక భేదము. శేషవత్తని దాని పేరు. ఏఱు పొంగుట చూచి యెగువను వాన కురిసెనని చెప్పుట దాని కుదాహరణము. భద్రాచలమున నీటిమట్టము 43 అడుగులు చేరగనే మొదటి హెచ్చరిక వెలువడును. ఎగువ వానను మాలో నెవ్వరును చూడలేదు. అయినను ఇల్లు ఖాళీ చేయుటకు సందేహింపరు. ఇంతమాత్రమున కణాదుడు క్వార్కుల నెఱిగియుండెనని నేను చెప్పబోను. అట్లు చెప్పుట ఆ మహర్షికి గౌరవమును గాదు, సత్యమును గాదు. ఊహించు తెఱగు మనకు క్రొత్త గాదనుటయే నా తాత్పర్యము.

1911 లో రూథర్‌ఫర్డు పరమాణువు నడుమ కేంద్రకము గలదని నిరూపించెను. 1950 దశకమున హాఫ్‌స్టాడ్టరు ఎలక్ట్రానులను ప్రోటానులపై ప్రయోగించి, ప్రోటాను బిందువు కాదనియు, దానికి పరిమాణము గలదనియు చూపెను. 1964 లో గెల్‌మాను, ట్స్వైగు అను నిరువురు వేర్వేఱుగ క్వార్కుల నూహించిరి. ఆ దశకము చివర స్టాన్‌ఫర్డులోని పొడవైన యంత్రమున ఫ్రీడ్‌మను, కెండాలు, టేలరు మొదలగువారు ఎలక్ట్రానులను మహావేగముతో ప్రోటానులపై కొట్టగా, అవి లోపల గట్టి గింజలకు తగిలినట్లు పెద్ద కోణములతో చెదరినవి. ఫైన్‌మను ఆ గింజలకు పార్టానులని పేరిడెను. ఆ మువ్వురు ప్రయోగకారులకును 1990 లో నోబెలు బహుమానము లభించినది.

గింజలు గలవని తేలిన పిమ్మట, ఏ గింజ యెంత మోయుచున్నదను ప్రశ్న పుట్టినది. పరుగెత్తు ప్రోటాను ద్రవ్యవేగములో ఏ జాతి పార్టానుకు ఎంత పాలు ముట్టునో తెలుపు పట్టికను పార్టాను వితరణ మందురు. ప్రోటానులో ముఖ్యముగ మూడు క్వార్కులు గలవు. రెండు 'అప్' జాతివి, ఒకటి 'డౌన్' జాతిది. మనము గోదావరి యొడ్డువారము గనుక వీనిని ఎగువ క్వార్కులు, దిగువ క్వార్కు అని చెప్పుకొందము. ఇవిగాక, క్వార్కులను బంధించు గ్లూవానులును, క్షణములో పుట్టి క్షణములో గిట్టు క్వార్కు–ప్రతిక్వార్కు జంటలును అందు నిండియున్నవి. ఆ జంటల సమూహమునకు భౌతికులు కడలి యని పేరు పెట్టిరి. ఈ పట్టికను కేవల గణితముచే సంపూర్ణముగ సాధించుట యింకను సాధ్యము కాలేదు, ప్రయోగములనుండియే రాబట్టవలెను.

ఇచటనే అసౌష్ఠవము సాక్షిగ వచ్చును. కావడి మోయువానిని దూరమునుండి చూడుడు. రెండు కడవలును సమముగనున్నచో ఏ కడవలో నెంత గలదో చెప్పలేము. కావడి యొక ప్రక్కకు వాలినచో, ఆ వాలును బట్టి యే కడవ యెంత బరువో చెప్పవచ్చును. మఱియొక లాభమును గలదు. రెండు వస్తువులను వేర్వేఱుగ తూచినపుడు రాళ్లలోని తప్పు మన లెక్కలో చేరును. ఒకే త్రాసులో ఎదురెదురుగ తూచినపుడు రాళ్లతోనే పని లేదు. అసౌష్ఠవమును కొలుచువారు ఒక రాశిని మఱియొక రాశితో పోల్తురు గావున యంత్రముయొక్క దోషములు పెక్కు తమంతట తొలగిపోవును.

షికాగో చేరువనున్న ఫెర్మీ ప్రయోగశాలలో టెవట్రాను అను వలయయంత్రము 2011 వఱకు నడచినది. అందు ప్రోటానులు ఒక దిక్కునుండియు, ప్రతిప్రోటానులు ఎదురు దిక్కునుండియు వచ్చి ఢీకొనెడివి. ప్రోటానులోని ఎగువ క్వార్కును, ప్రతిప్రోటానులోని దిగువ ప్రతిక్వార్కును కలిసినచో ధనవిద్యుత్తు గల డబ్ల్యూ కణము జనించును. దిగువ క్వార్కును ఎగువ ప్రతిక్వార్కును కలిసినచో ఋణవిద్యుత్తు గల డబ్ల్యూ జనించును. రెండు జాతుల క్వార్కులును ఒక్క తీరుననే పరుగిడుచున్నచో, ఇరు తెగల డబ్ల్యూలును ఇరు దిక్కులకును సమముగ పోవలసినది. అట్లు జరుగలేదు. ధన డబ్ల్యూలు ప్రోటాను పోవు దిక్కునకును, ఋణ డబ్ల్యూలు ప్రతిప్రోటాను పోవు దిక్కునకును మొగ్గినవి. ఎగువ క్వార్కు సగటున దిగువదానికంటె నెక్కువ ద్రవ్యవేగమును మోయుచున్నదని తేలినది. డబ్ల్యూ పుట్టిన క్షణముననే నశించును. దానినుండి వెలువడిన ఎలక్ట్రానును, మ్యూయానును లెక్కించి 1990 దశకమునుండి ఈ మొగ్గును కొలిచిరి. 2010 మొదలు జెనీవాయందలి మహావలయమున ఇరుప్రక్కలను ప్రోటానులే ఢీకొనినవి. అచట ధన డబ్ల్యూలే హెచ్చుగ పుట్టును. ఏ కోణమున నెంత హెచ్చను కొలత ఎగువ దిగువల నిష్పత్తిని మఱింత బిగించినది.

ఇక కడలి సంగతి. దీనికి గోదావరి నీటికి మరలి రావలెను. ఏ నీటియందైనను ఆఱువేల పైచిలుకు హైడ్రోజను పరమాణువులలో నొకదాని కేంద్రకమున, ప్రోటానుతోబాటు ఒక న్యూట్రాను నుండును. 1931 లో యూరే కనుగొన్న భారహైడ్రోజను ఇదియే. అశ్వాపురమున నీటిని హైడ్రోజను సల్ఫైడు వాయువుతో చల్లని స్తంభములందును, వేడి స్తంభములందును మాటిమాటికి కలుపుదురు. చల్లనిచోట భారహైడ్రోజను నీటిని వరించును. వేడిచోట వాయువును వరించును. ఈ పక్షపాతమునే సాధనముగ గొని దానిని ప్రోగుచేయుదురు. ఆ జలము మన దేశపు అణువిద్యుత్కేంద్రముల కుపయోగపడును. ఆ జాతి హైడ్రోజనే ద్రవరూపమున విదేశ ప్రయోగశాలలలో ప్రోటాను కడలిని తూచుటకు త్రాసైనది.

అదెట్లన: న్యూట్రాను ప్రోటానుకు ప్రతిబింబము వంటిది. ప్రోటానులో ఎగువ యున్నచోట న్యూట్రానులో దిగువ, దిగువ యున్నచోట ఎగువ నుండును. కావున సాధారణ హైడ్రోజనును, భారహైడ్రోజనును ప్రక్కప్రక్కన నుంచి కొట్టినచో ఎగువ దిగువల భేదము బయటపడును. జెనీవాలో నొక బృందము మ్యూయానులతో నిట్లు కొట్టి, మా కర్మాగారము మొదలైన 1991 లోనే ఫలితమును ప్రకటించినది. కడలిలో ఇరు ప్రతిక్వార్కులును సమమైనచో 0.333 రావలసిన సంఖ్య సుమారు 0.24 మాత్రమే వచ్చినది. 1998 లో ఫెర్మీ ప్రయోగశాలవారు 800 జి.ఇ.వి. శక్తి గల ప్రోటానులను ఈ రెండు ద్రవములపై విడిచి, పుట్టిన మ్యూయాను జంటలను లెక్కించిరి. దిగువ ప్రతిక్వార్కులు ఎగువవానికంటె స్పష్టముగ అధికమని కనిరి. అయితే ద్రవ్యవేగభాగము పెద్దదగుకొలది ఆ యాధిక్యము నశించి తారుమాఱగునట్లు వారి కొలతలో తోచినది. పండితులకు సంశయము మిగిలినది. అందుచే 120 జి.ఇ.వి. ప్రోటానులతో సీక్వెస్టు అను ప్రయోగము చేసి 2021 లో ఫలితము ప్రకటించిరి. తారుమాఱు కాలేదు; దిగువ ప్రతిక్వార్కుల యాధిక్యము తుదివఱకును నిలిచినది. ప్రోటాను క్షణకాలము న్యూట్రానుగను ధన పయానుగను విడివడుననియు, ఆ పయానులో దిగువ ప్రతిక్వార్కు గలదనియు నొక వివరణము చెప్పుదురు.

దీనివలన నేమి ప్రయోజనమని మీరడుగవచ్చును. 2022 లో టెవట్రాను బృంద మొకటి డబ్ల్యూ కణము సిద్ధాంతము చెప్పినదానికంటె బరువైనదని ప్రకటించి లోకమును కలవరపెట్టెను. 2024 లో జెనీవాలోని సి.యం.యస్. బృందము సిద్ధాంతముతో సరిపోవు విలువను ప్రకటించినది. ఇట్టి వివాదమున తీర్పు చెప్పుటకు ముందు, ఢీకొనిన ప్రోటానులో నేమున్నదో మనకెంత నిశ్చయముగ తెలియునో చూచుకొనవలెను. పార్టాను పట్టికలోని సందేహము ఆ తూనికలోనికి సూటిగ వచ్చి చేరును.

నాటి బాలుడు నేడెచట నున్నాడో యెఱుగను. వినుచున్నచో వాని కిది నా జవాబు: "నాయనా, ప్రోటాను లోపల ఎవ్వరును కంటితో చూడలేదు. రెండు కడవల కావడి వాలుటను చూచిరి. ఏండ్ల తరబడి వాలును కొలిచిరి. ఒకరి కొలతను మఱియొకరు సందేహించి తిరిగి కొలిచిరి. నీవు నాడు చేసినది ఆ సందేహమే. నిన్ను కూర్చుండుమనుట నా తప్పు." ఉపాధ్యాయులైన శ్రోతలకు నా విన్నపము: తెలియని ప్రశ్న వచ్చినపుడు తెలియదనుడు, రేపు తెలిసికొని చెప్పెదననుడు. నాకు ముప్పదియేండ్లు పట్టినది. మీకంత కాలము పట్టకుండుగాక.