వంశవృక్షంలో లేని కొమ్మలు

1939లో పోర్చుగల్‌లోని పోర్తో నగరంలో కొరీనో అంద్రాద్ అనే నరాల వైద్యుడి దగ్గరికి 37 ఏళ్ళ స్త్రీ ఒకామె వచ్చింది. పోవువా ద వర్జీం అనే చేపలరేవు ఆమె ఊరు. కాళ్ళు పట్టు తప్పుతున్నాయి. పాదాలకి వేడి తెలియదు, నొప్పి తెలియదు. ఆ తీరంలో ఇలాంటివాళ్ళు ఎందరో ఉన్నారనీ, జనం దాన్ని అప్పటికే ‘చిన్ని పాదాల జబ్బు’ అని పిలుచుకుంటున్నారనీ అంద్రాద్‌కి తర్వాత తెలిసింది. ఆ కుటుంబాలను ఏళ్ళ తరబడి పరిశీలించి 1952లో ‘బ్రెయిన్’ పత్రికలో వ్యాసం రాశాడు. వైద్య చరిత్రలో ఆ జబ్బుకి ఆయన పేరు నిలిచింది. ఆమె మాత్రం ఒక వయసుగా, ఒక ఊరిపేరుగా మిగిలింది.

సాహిత్యంలో పరిశోధన చేసినదాన్ని నాకు ఈ జబ్బుతో పనేమిటి? మా పిన్ని వల్ల పనిపడింది.

పిన్ని ఆత్రేయపురం కోడలు. అక్కడి చాలామంది ఆడవాళ్ళలాగే ఆమెదీ పూతరేకుల పని. పొయ్యి మీద బోర్లించిన కుండ, పల్చటి బియ్యప్పిండి జారు, అందులో ముంచిన గుడ్డ. గుడ్డని కుండ మీద ఒక్కసారి పరిచి తీస్తే క్షణంలో పొర కడుతుంది. దాన్ని చిరగకుండా వేళ్ళతో లేపాలి. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు వెనక ఉన్నది వేడిని కొలిచే ఈ వేళ్ళే. “కుండ కాగిందో లేదో తెలవట్లేదే అమ్మాయ్” అని పిన్ని అన్నప్పుడు ఆమెకి యాభై దాటాయి. పొర తెల్లబడటాన్ని కళ్ళతో చూసుకుంటూ ఇంకో రెండేళ్ళు పని చేసింది. వేళ్ళ మీద బొబ్బలు కనబడితే తప్ప కాలినట్టు తెలిసేది కాదు.

ఆ తర్వాత లేచి నిలబడితే కళ్ళు తిరగడం, నాలుగు రోజులు విరేచనాలు, నాలుగు రోజులు మలబద్ధకం, తిన్నా చిక్కిపోవడం. ఒకచోట షుగర్ అన్నారు, పరీక్షలో షుగర్ లేదు. ఒకచోట ముట్లాగే వయసు కదా అన్నారు. ఇంకోచోట నరాల బలహీనత అని బలం సూదులు పొడిచారు. మన ఊళ్ళ గోడల మీద ‘నరాల బలహీనత’ అన్న మాట మగతనం మందుల ప్రకటనలకే సొంతమైపోయింది. ఆడదాని నరాలకి జబ్బు చేస్తే మాత్రం అది ‘మనసు జబ్బు’ అవుతుంది. కాళ్ళకి, కడుపుకి, గుండెకి వేరువేరు డాక్టర్లు, వేరువేరు ఫైళ్ళు. ఈ ఫైళ్ళన్నీ ఒకే మనిషివని గమనించడానికి ఆరేళ్ళు పట్టింది.

దీన్ని ఇవాళ వంశపారంపర్య ట్రాన్స్‌థైరెటిన్ అమిలాయిడోసిస్ అంటున్నారు. థైరాయిడ్ హార్మోన్‌ని, విటమిన్ ‘ఎ’ని రక్తంలో మోసుకెళ్ళే ఒక ప్రోటీన్‌ని ఎక్కువగా కాలేయం తయారుచేస్తుంది. 18వ క్రోమోజోమ్‌లోని జన్యువులో చిన్న మార్పు వస్తే ఆ ప్రోటీన్ విడిపోయి, తప్పుగా మడతపడి, పోగులు పోగులుగా నరాల్లో, గుండెలో, పేగుల్లో, కొందరికి మూత్రపిండాల్లో, కళ్ళలో పేరుకుంటుంది. అన్ని అవయవాలూ ఒకేసారి మొరపెట్టుకోవడం అందుకే.

స్పర్శ పోవడం అనగానే పిన్ని అత్తవారి వైపు ఒకరిద్దరు గొంతు తగ్గించి అన్న మాట వేరు: “పెద్దరోగమేమో.” ఈ భయానికి డెల్టాలో చరిత్ర ఉంది. కెనడియన్ బాప్టిస్టు మిషనరీ ఇసబెల్ హాచ్ కృషితో 1900 ప్రాంతంలోనే రామచంద్రపురంలో కుష్ఠురోగుల ఆశ్రమం ఏర్పడింది. 1847లో నార్వే వైద్యులు డేనియల్‌సెన్, బోక్ కుష్ఠు వంశపారంపర్యమని రాశారు. 1873లో హాన్సెన్ సూక్ష్మజీవిని చూపించి ఆ మాట తప్పని తేల్చాడు. అయినా 1898 నాటి కుష్ఠురోగుల చట్టం రద్దయింది 2016లో. 1980ల నుంచీ నయం చేసే మందులున్నా, 1955 హిందూ వివాహ చట్టంలో విడాకులకి కారణాల నుంచి కుష్ఠుని తీసేసింది 2019లో. వంశానిది కాని జబ్బుకి వంశం మచ్చ అంటగట్టిన సమాజం, నిజంగా వంశంలో వచ్చే జబ్బు ఎదురైతే ఏం చేస్తుంది? ముందుగా ఆడదాని పుట్టింటి వైపు చూస్తుంది.

జన్యు వైద్యురాలు పిన్నిని అడిగిన మొదటి ప్రశ్న “మేనరికమా?” అని. కాదు. అయినా ఈ జబ్బుకి మేనరికం అవసరం లేదు. తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి వస్తే చాలు. ప్రతి బిడ్డకీ, ఆడైనా మగైనా, సగానికి సగం అవకాశం. రెండో ప్రశ్న: “మీ అమ్మగారి వైపు ఎవరికైనా?”

ఆ జవాబు వెతికే పని నా మీద పడింది. మామయ్య ఇంట్లో ఏడు తరాల వంశవృక్షం ఉంది. అందులో ఒక్క ఆడపేరు లేదు. కూతుళ్ళు వేరే ఇంటిపేర్లలోకి వెళ్ళిపోయారు, కోడళ్ళు ఎక్కడి నుంచి వచ్చారో రాయలేదు. వైద్యులు గీసే పటంలో మగవాళ్ళు చతురస్రాలు, ఆడవాళ్ళు వృత్తాలు. మా వంశవృక్షం నిండా చతురస్రాలే. చివరికి నాకు దొరికినవి ముసలమ్మల మాటలు. అమ్మమ్మ ‘గుండె ఆగి’ పోయింది, అంతకు కొన్నేళ్ళ ముందే చెప్పు జారిపోయినా తెలిసేది కాదట. అమ్మమ్మ అక్క ‘తిండి ఒంటబట్టక’ పోయింది. వాళ్ళ తల్లి చివరి రోజుల్లో మంచం మీద నుంచి లేస్తే పడిపోయేది. స్త్రీల నోటి చరిత్రకి సాహిత్యంలో విలువ ఉందని వాదించేదాన్ని. అది వైద్యానికి కూడా సాక్ష్యమని అప్పుడు తెలిసింది.

మందులున్నాయి. 1990లో స్వీడన్‌లో కాలేయ మార్పిడి మొదలైంది. 2011లో ఐరోపా టఫామిడిస్‌ని ఆమోదించింది. 2018లో ఆ ప్రోటీన్ తయారీనే తగ్గించే పాటిసిరాన్ వచ్చింది. అప్పుడు అమెరికాలో దాని ధర ఏడాదికి నాలుగున్నర లక్షల డాలర్లు, అంటే మూడు కోట్ల రూపాయల పైమాట. మన 2021 అరుదైన వ్యాధుల విధానం కింద, జాబితాలో ఉన్న జబ్బులకి ఒక్కో రోగికి ఇచ్చే సాయాన్ని 2022లో 50 లక్షల దాకా పెంచారు. హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ, నిమ్స్ కలిసి ఆ విధానం కింద ఒక కేంద్రంగా పనిచేస్తున్నాయి. ఆ అంకెలకీ ఈ అంకెలకీ మధ్య ఉన్న దూరాన్ని ఇంట్లో ఎవరో ఒకరు పూడ్చాలి. మా ఇంట్లో అది పిన్ని కూతురు. రోజూ తల్లి పాదాలు తిప్పి చూస్తుంది, స్నానం నీళ్ళు తన మోచేత్తో చూస్తుంది, మంచం మీద కాసేపు కూర్చోబెట్టి లేపుతుంది, కొంచెం కొంచెంగా తినిపిస్తుంది, బరువు రాసిపెడుతుంది, గుండె పరీక్షల తేదీలు గుర్తుపెట్టుకుంటుంది. దీన్ని ఏ విధానమూ చికిత్సగా లెక్కకట్టదు.

ఆ అమ్మాయికి పెళ్ళి సంబంధాలు వస్తున్నాయి. జన్యు పరీక్ష చేయించుకోవాలా, చేయించుకుంటే ఎవరికి చెప్పాలి అన్నది ఆమె ముందున్న ప్రశ్న. మార్పు ఉన్నంతమాత్రాన జబ్బు వచ్చి తీరాలని లేదు. అదే మార్పు పోర్చుగల్‌లో చాలామందికి ముప్ఫైల్లోనే బయటపడితే, ఉత్తర స్వీడన్‌లో యాభై దాటాక, కొందరికి ఎప్పటికీ బయటపడకుండా ఉంటుంది. కానీ సంబంధాలు చూసేవాళ్ళు ఇంత వివరం వినరు. కొడుకైతే ఇదే కాగితాన్ని ఎవరూ అడగరు కూడా. తెలుసుకునే హక్కూ, తెలుసుకోకుండా ఉండే హక్కూ, ఎవరికి చెప్పాలో నిర్ణయించే హక్కూ ఆమెవే. ముందు జన్యు సలహాదారుతో మాట్లాడదామని మేమిద్దరం అనుకున్నాం.

మా అమ్మ ఇంకా పరీక్ష చేయించుకోలేదు. ఆమెకి ఆ మార్పు లేకపోతే నాకూ రాదు. ఉంటే నాకూ సగం అవకాశం. ఈలోగా నేను గీసిన పటం మా చెల్లెళ్ళందరికీ ప్రతులు తీసి పంచాను. అందులో ఇంటిపేర్లు తొమ్మిది ఉన్నాయి.