రెండు రూపాయల వడ్డీకి ఒక రాజ్యం

1823లో ఈస్టిండియా కంపెనీ హైదరాబాద్ ఖజానాకు చెల్లించడానికి ఒప్పుకున్న మొత్తం 1,16,66,666 రూపాయలు. చివరి అంకెలన్నీ ఆరులై నిలవడానికి కారణం ఉంది. ఉత్తర సర్కారులు, అంటే ఇప్పటి శ్రీకాకుళం నుంచి గుంటూరు దాకా ఉన్న కోస్తా, తన చేతికి వచ్చినందుకు కంపెనీ నిజాముకు ఏటా 7 లక్షల పేష్కష్, అంటే కప్పం, కట్టేది. నూటికి ఆరు వడ్డీ చొప్పున ఏటా 7 లక్షలు రావాలంటే ఎంత అసలు ఉండాలో లెక్క కడితే ఆ మొత్తమే తేలుతుంది. అది ఒక్కసారిగా చేతికిచ్చి, ఇక ఎన్నటికీ పేష్కష్ అడగకూడదని రాయించుకున్నారు. గోదావరి, కృష్ణా డెల్టాల మీద హైదరాబాద్‌కు మిగిలిన చివరి హక్కు అలా పోయింది. డబ్బు మాత్రం ఖజానాలో నిలవలేదు, విలియం పామర్ కంపెనీ అనే వడ్డీ వ్యాపారపు కోఠీ బాకీ కిందికి వెళ్లింది. వర్ధమాన దేశాల బాండ్లు కొంటే మంచి వడ్డీ వస్తుందని ఇవాళ పెట్టుబడి సలహాదారులు చెబుతున్నారు. ఆ మాట నిజమే. ఆ వడ్డీ ఎక్కడి నుంచి వస్తుంది, ఎందాకా వస్తుంది అన్న ప్రశ్నకు మాత్రం మన ఊరి చరిత్రలోనే సమాధానం ఉంది. రాజ్యానికి ఇచ్చిన అప్పుకు అసలైన పూచీ పొలమూ కాదు, నగా కాదు. తన ప్రజలను పీల్చిపిప్పి చేయకుండా పన్ను రాబట్టుకోగల ఆ రాజ్యపు శక్తే పూచీ. ఆ శక్తిని పెంచే అప్పు ఇచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ కలిసొస్తుంది. దాన్ని తినేసే అప్పు ఎంత వడ్డీకి ఇచ్చినా ఇద్దరినీ ముంచుతుంది.

పందొమ్మిదో శతాబ్దం మొదట్లో హైదరాబాద్ పేద రాజ్యమేమీ కాదు. బేరార్ నల్లరేగడిలో పత్తి పండేది, తెలంగాణ చెరువుల కింద వరి పండేది. లేనిది సమయానికి చేతిలో ఆడే నగదు. పంట డబ్బు కిస్తీల మీద వస్తుంది, సైన్యానికి జీతం నెలనెలా ఇవ్వాలి. కంపెనీతో చేసుకున్న ఒప్పందాల వల్ల ఇంగ్లీషు అధికారుల కింద పనిచేసే దళాల ఖర్చు కూడా నిజాము మీదే పడింది. పేష్కారుగా దశాబ్దాల పాటు రాజ్యం నడిపిన చందూలాల్ ఈ లోటును సాహుకార్ల దగ్గర పూడ్చుకున్నాడు. హామీగా తాలూకాల రాబడిని రాసిచ్చేవాడు. మనం ఇవాళ వాడే తనఖా అన్న మాట ఫారసీ తన్‌ఖ్వా నుంచి వచ్చింది. మొదట దాని అర్థం జీతం, ఆ జీతానికి బదులుగా కేటాయించిన రాబడి. ఆ కేటాయింపు అప్పుకు హామీగా మారిన కొద్దీ మాటకు కూడా తాకట్టు అన్న అర్థం స్థిరపడింది. తనఖా పడిన తాలూకాలో శిస్తు డబ్బు హైదరాబాద్ దాకా రాదు, సాహుకారు మనిషి అక్కడే జమ కట్టుకుంటాడు. వచ్చే ఏడాది చెరువు కట్ట నిలిచి ఉంటుందా, రైతు ఎద్దులు అమ్ముకుని వలస పోతాడా అన్నది అతనికి పట్టదు. అతని లెక్క ఈ ఏటి కిస్తీతో సరి. రాజ్యానికి మాత్రం ప్రతి ఏడాదీ కొత్త తాలూకా తనఖా పెట్టాల్సిన అవసరం పెరుగుతూ పోతుంది.

ఈ వ్యాపారంలోకి 1810 తర్వాత విలియం పామర్ దిగాడు. తండ్రి ఇంగ్లీషు జనరల్, తల్లి ఫైజ్ బక్ష్ బేగం. నిజాము సైన్యంలో పనిచేసినవాడు కనుక దర్బారూ తెలుసు, కంపెనీ ప్రతినిధి ఉండే రెసిడెన్సీ కూడా తెలుసు. బంకటీదాస్ అనే గుజరాతీ సాహుకారు అతని భాగస్వామి. గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ పెంచిన అమ్మాయిని పెళ్లాడిన విలియం రంబోల్డ్ కూడా తర్వాత చేరాడు. అనుమతి లేకుండా ఇంగ్లీషువాళ్లు దేశీయ రాజులకు అప్పివ్వకూడదని 1797లోనే పార్లమెంటు చట్టం చేసింది. 1816లో హేస్టింగ్స్ ప్రభుత్వం ఈ కోఠీకి ఆ అనుమతి ఇచ్చింది. వడ్డీ ఏడాదికి నూటికి 24, 25 దాకా, అంటే మన ఊళ్ల లెక్కలో రెండు రూపాయల వడ్డీ. వాయిదాలు తప్పితే నాలుగేళ్లు తిరిగేసరికి వడ్డీయే అసలంత అవుతుంది. 1820లో 60 లక్షల కొత్త అప్పు మంజూరైంది. ఆ ఏడాది చివర రెసిడెంటుగా వచ్చిన చార్లెస్ మెట్‌కాఫ్ లెక్కలు విప్పి చూస్తే ఆ కొత్త అప్పులో చాలా భాగం పాత బాకీకి పేరు మార్పు మాత్రమేనని తేలింది. కంపెనీ హామీతో ఆరు శాతానికి డబ్బు ఎత్తి కోఠీ బాకీ తీర్చేద్దామని ఆయన ప్రతిపాదించాడు. హేస్టింగ్స్ కోపగించినా లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లు కోఠీకి ఇచ్చిన అనుమతిని తప్పుపట్టారు. చివరికి పేష్కష్ సొమ్ముతో బాకీ తీరింది. వెనక ఉన్న అండ తొలగిపోయాక కోఠీ కూడా ఎక్కువ కాలం నిలవలేదు, దివాలా తీసింది.

అప్పటి హైదరాబాద్ బజారులో వడ్డీలే అలా ఉండేవి కదా, పామర్ ఒక్కడిని ఎందుకు అనాలి అని అడగవచ్చు. పామర్ పక్షం వాళ్లూ ఈ వాదనే చేశారు, అందులో పస ఉంది. అడిగినప్పుడు బాకీ తీర్చని దర్బారుకు అప్పివ్వడం సాహసమే, సాహసానికి ధర ఉండాల్సిందే. అయితే ఆ ధర అపాయానికి చెల్లించేది. గవర్నర్ జనరల్ అనుమతి పత్రం చేతిలో ఉన్న కోఠీకి అపాయం తగ్గింది, వడ్డీ మాత్రం బజారు స్థాయిలోనే నిలిచింది. మెట్‌కాఫ్ చెప్పిన ఆరు శాతానికీ, కోఠీ రాబట్టిన 24 శాతానికీ మధ్య తేడా అంతా హైదరాబాద్ పరపతి లేమికి కట్టిన వెల కాదు. కంపెనీ బలం వెనక ఉందన్న నమ్మకాన్ని సొమ్ము చేసుకోవడం అందులో ఎక్కువ. ఇలాంటి లాభం ఋణగ్రస్తుడి బాగోగుల మీద ఆధారపడదు. ఎక్కడో కలకత్తాలో, లండన్‌లో ఒకరి మనసు మారితే ఒక్క ఏడాదిలో ఆవిరైపోతుంది. అదే సంవత్సరాల్లో లండన్‌లోనూ ఇదే కథ నడిచింది. 1822-25 మధ్య కొలంబియా, చిలీ, పెరూ, బ్యూనస్ ఎయిర్స్ బాండ్లను జనం ఎగబడి కొన్నారు. కొత్త రిపబ్లిక్కులకు పన్ను వసూలు చేసే యంత్రాంగమే సరిగా లేదని ఎవరూ చూడలేదు. దశాబ్దం ముగిసేసరికి బ్రెజిల్ తప్ప దాదాపు అన్నీ చెల్లింపులు ఆపేశాయి.

ఇంకొకరు అంటారు: ఏమైతేనేం, పామర్ బాకీ తీరింది కదా, అప్పిచ్చినవాడు నష్టపోలేదు కదా అని. ఆ బాకీని తీర్చింది హైదరాబాద్ పొలాల రాబడి కాదు, శాశ్వతమైన ఒక ఆదాయాన్ని అమ్ముకున్న సొమ్ము. అలా అమ్ముకోవడానికి ప్రతిసారీ ఒక సర్కారు జిల్లా ఉండదు. పెస్తన్‌జీ, వికాజీ అనే పారసీ సోదరుల కథ చూస్తే ఇది తెలుస్తుంది. 1825-26లో బేరార్ పత్తిని బొంబాయికి పెద్ద ఎత్తున పంపినవాళ్లు వీళ్లే. చందూలాల్‌కు అప్పులిచ్చి బేరార్, ఔరంగాబాద్ తాలూకాల రాబడిని తనఖా పట్టారు. ఔరంగాబాద్ టంకశాల కూడా వాళ్ల చేతిలో ఉండేది. కాగితం మీద ఇంతకంటే గట్టి హామీ ఉండదు. 1843లో చందూలాల్ దిగిపోయాడు. తర్వాత దర్బారు ఆ తాలూకాలను తిరిగి లాక్కుంది. సోదరులు రెసిడెంటుకు మొర పెట్టుకున్నారు, లండన్ దాకా అర్జీలు పంపారు. ఎవరూ పలకలేదు, కోఠీ కూలిపోయింది. ఒకే రాజ్యం, ఒకే మంత్రి, ఒకే రకం తనఖా. ఒకరికి బాకీ తీరింది, ఇంకొకరికి తీరలేదు. కాబట్టి తనఖా కాగితం సార్వభౌముణ్ణి కట్టిపడేయదు, దాని వెనక ఉన్న బలం ఎవరిది, ఎంతకాలం ఉంటుంది అన్నదే తేలుస్తుంది.

అందరికంటే పెద్ద ఋణదాత మాత్రం కంపెనీయే అయింది. హైదరాబాద్ కంటింజెంట్ అనే సైన్యానికి జీతం బాకీ పడినప్పుడల్లా కంపెనీ తానే చెల్లించి దాన్ని నిజాము పేర రాసుకుంది, వడ్డీ వేసుకుంది. 1853 నాటికి ఆ బాకీ నలభై లక్షలు దాటింది. ఆ ఏడాది మే 21న డల్హౌసీ ఒత్తిడి కింద జరిగిన ఒడంబడికతో బేరార్, దానితో పాటు రాయచూరు అంతర్వేది, నల్దుర్గ్ ప్రాంతాలు కంపెనీ పాలనకు వెళ్లాయి. 1860లో 50 లక్షల బాకీ రద్దై రాయచూరు, నల్దుర్గ్ తిరిగి వచ్చాయి, బేరార్ రాలేదు. 1902లో ఏటా 25 లక్షలకు దాన్ని శాశ్వత కౌలుగా రాసిచ్చారు. ఈ అప్పు దేనికి ఖర్చయిందో చూడండి. ఒక్క చెరువు తవ్వలేదు, ఒక్క బాట వేయలేదు. నిజాము నడిపించలేని, వద్దని చెప్పలేని సైన్యపు జీతాలకు పోయింది. రాబడి పెంచని ఖర్చుకు తెచ్చిన అప్పు రాజ్యాన్ని ఎలా తింటుందో చూపడానికి ఇంతకు మించిన దాఖలా అక్కర్లేదు.

మరి బలహీన రాజ్యాలకు ఎవరూ అప్పివ్వకూడదా? అదీ పొరపాటే. అదే 1853లో ఇరవై నాలుగేళ్ల సాలార్‌జంగ్ దివాన్ అయ్యాడు. శిస్తు వసూలును గుత్తకిచ్చే పద్ధతిని క్రమంగా తీసేసి జీతం మీద పనిచేసే అధికారులను పెట్టాడు. సాహుకార్ల చేతుల్లోని తాలూకాలను విడిపించాడు. 1865లో జిలాబందీతో జిల్లాలను ఏర్పరిచాడు. సాహుకార్లకు వాయిదా ప్రకారం డబ్బు అందడం మొదలైంది. దాని ఫలితం మాటల్లో కాదు, వడ్డీ రేటులోనే కనిపిస్తుంది. 1816లో రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చిన రాజ్యం 1883లో రైలు కంపెనీకి ఏడాదికి ఐదు శాతం హామీ ఇస్తే లండన్‌లో పెట్టుబడి దొరికింది. సికింద్రాబాద్ నుంచి వరంగల్లు మీదుగా సాగిన ఆ మార్గం 1889లో బెజవాడ చేరింది. సింగరేణి బొగ్గు దాని మీద కదిలింది. అప్పు తెచ్చిన డబ్బు నేల మీద పట్టాలై కనిపించింది, ఆ పట్టాలు రాబడి తెచ్చాయి.

ఈ రైలు ఒప్పందానికీ వ్యతిరేకులున్నారు, వాళ్లు చెప్పింది తేలిగ్గా తీసేయదగింది కాదు. లండన్ వాటాదారుకు నష్టం రాకుండా హైదరాబాద్ రైతు పూచీ పడటం ఏమి న్యాయమని అడిగారు. చందా (నేటి చంద్రపూర్) రైలు పథకాన్ని ప్రశ్నించినందుకు విద్యావేత్త అఘోరనాథ్ చటోపాధ్యాయను 1883లో నగరం నుంచి పంపేశారు. మారకం భారం కూడా చిన్నది కాదు. 1870ల మొదట్లో రూపాయి దాదాపు రెండు షిల్లింగులకు మారేది. వెండి ధర పడిపోవడంతో 1890ల నడుమకు అది 13 పెన్నీల దగ్గరికి దిగింది. పౌన్లలో ఇచ్చిన మాట రూపాయల్లో మరింత బరువైంది. అయితే ఈ అభ్యంతరాలన్నీ షరతుల మీద, లెక్కలు దాచడం మీద వచ్చినవి. పనికొచ్చే దానికి అప్పు తేవడం మీద వచ్చినవి కావు. 1930లో నిజాము ప్రభుత్వం ఆ రైల్వేను కొనేసుకోగలిగింది. బేరార్‌ను ఎన్నటికీ విడిపించుకోలేకపోయింది.

ఈ రెండు శతాబ్దాల్లో సాధనాలు మారాయి, సూత్రం మారలేదు. 1991లో భారతదేశం దాదాపు 47 టన్నుల బంగారాన్ని ఇంగ్లండ్, జపాన్ కేంద్ర బ్యాంకుల దగ్గర తాకట్టు పెట్టి గండం గట్టెక్కింది, ఒక్క వాయిదా తప్పలేదు. ఆ బంగారం కొన్ని వారాలు నిలబెట్టింది. ఆ తర్వాత నిలబెట్టింది పి.వి. నరసింహారావు ప్రభుత్వం చేపట్టిన సంస్కరణలు, వాటితో పెరిగిన రాబడి. పన్నులు తగ్గించుకుని, డాలర్లలో అప్పులు పెంచుకున్న శ్రీలంక 2022 ఏప్రిల్‌లో చెల్లింపులు ఆపేసింది, ఎక్కువ వడ్డీకి ఆశపడి బాండ్లు కొన్నవాళ్లు నష్టానికి ఒప్పుకోవలసి వచ్చింది. 2024 జూన్ 28 నుంచి భారత ప్రభుత్వ బాండ్లు జె.పి. మోర్గాన్ వర్ధమాన దేశాల సూచీలో చేరాయి. ఆ అప్పు రూపాయల్లోనే ఉంది కనుక మారకం అపాయం కొన్న విదేశీయుడిది. ఇది 1883 నాటి హైదరాబాద్‌కు దక్కని బలం.

డబ్బు పెట్టేవారైనా, ప్రభుత్వం చేసే అప్పుల వార్త చదివే పౌరులైనా ముందు వడ్డీ రేటు చూడకండి. ఆ డబ్బు దేనికి ఖర్చవుతుంది, ఏ నాణెంలో తీర్చాలి, తీర్చే రాబడి ఎవరి చేతిలో ఉంది అని అడగండి. ఈ మూడు ప్రశ్నలకు జవాబు దొరకని చోట రెండు రూపాయల వడ్డీ వచ్చినా ఆ అప్పు ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదు.